సెకనుకు కోటి దెబ్బలు

నాకు మాట కంటే ముందు చెయ్యి లేస్తుంది. చిన్నప్పటి నుంచీ అంతే. ఏడో తరగతిలో నా జడను బెంచీకి కట్టినవాడి ముక్కు పగలగొట్టాను. ఇంటర్ చదివేటప్పుడు ముషీరాబాద్ దగ్గర బస్సులో మీద మీద పడుతున్న ఒకణ్ణి టిఫిన్ డబ్బాతో కొట్టాను. డబ్బా సొట్టపోయింది, వాడు తర్వాతి స్టాపులో దిగిపోయాడు. తార్నాక పక్కనున్న క్యాంపస్‌లో పీహెచ్‌డీకి చేరాక నా కోపం మనుషుల మీద నుంచి సామాన్ల మీదికి మళ్ళింది. రెండు కీబోర్డులు, ఒక కుర్చీ, ఒక పవర్ సప్లై నా చేతుల్లో పోయాయి. జూనియర్లు నా టేబుల్ దగ్గరికి రాబోయే ముందు తలుపు దగ్గర ఆగి నా మొహం చూసుకునేవాళ్ళు. అది నాకు గర్వంగానే ఉండేది.

ఇప్పుడు చెప్పబోయే రోజున నేను ఎవరి మీదా చెయ్యి చేసుకోలేదు. ఏసీ గదిలో కుర్చీలో కూర్చుని ఫోన్‌లో ఒక మాట అన్నాను, అంతే. ఆ మాటకు ఒక మనిషి కుడిచెయ్యి పోయింది. ఆయనకు ఆ చెయ్యే బతుకుదెరువు.

మా పని ఏమిటో ముందు చెప్పాలి. మా ల్యాబ్‌లో ఒక గడియారం ఉంది. ముళ్ళు లేవు, అంకెలు లేవు, చూడ్డానికి పాత స్టెబిలైజర్ లాంటి పెట్టె. అది సెకనుకు కోటిసార్లు కొడుతుంది, ఒక్కటి ఎక్కువ కాదు, ఒక్కటి తక్కువ కాదు. క్యాంపస్ దాటి తార్నాకలో ఇంకో ల్యాబ్ ఉంది. అక్కడి యంత్రాలు కూడా మా గడియారం కొట్టినప్పుడే కొట్టాలి. అందుకని ఈ కోటి దెబ్బల్నీ లేజర్ వెలుగు మీద ఎక్కించి, వెంట్రుకంత సన్నటి గాజు తీగలో నాలుగు కిలోమీటర్లు పంపిస్తాం. వెలుగు చేరడం కష్టం కాదు. ఏ దెబ్బా దాని సమయానికి ముందూ వెనకా కాకుండా చేరడమే కష్టం. ఎండ కొడితే రోడ్డు కింద తీగ సాగుతుంది, దెబ్బ ఆలస్యమవుతుంది. వాన కొడితే ముడుచుకుంటుంది, దెబ్బ ముందే వచ్చి పడుతుంది. బస్సు పోతే వణుకుతుంది. లాలాగూడ వైపు గూడ్సు బండి కదిలితే ఆ అదురు కూడా దానికి తెలిసిపోతుంది. అందుకని అవతలి కొసన అద్దం పెట్టి కొంత వెలుగును వెనక్కి రప్పించుకుంటాం. పోయి రావడంలో ఎంత తేడా వచ్చిందో కొలిచి, అందులో సగాన్ని ఇక్కడే సరిచేసి పంపుతాం. అంతా సరిచేశాక కూడా మిగిలే వణుకును నాయిస్ అంటాం. సెకనును లక్ష కోట్ల ముక్కలు చేస్తే, అందులో ఒక్క ముక్కను మించి ఏ దెబ్బా కదలకూడదు. నాలుగేళ్ళు నేను చేసింది ఆ వణుకుతో కొట్లాటే.

ఆ తీగ ఎక్కడ తెగినా అతికేది ఒక్కరే. మేమంతా ఆయన్ని కాకా అనేవాళ్ళం. యాభై దాటిన మనిషి, లాలాగూడ రైల్వే కుటుంబం, తండ్రి అక్కడి వర్క్‌షాపులో సుత్తి పట్టినవాడు. ఈయన కాంట్రాక్టరు కింద పనిచేసేవాడు, క్యాంపస్‌లోకి రావడానికి మెడలో గేటు పాసు ఉండేది. తీగను అతికేటప్పుడు ఆయన్ని చూడాలి. పై పొర ఒలిచి, స్పిరిట్‌తో తుడిచి, కొసను తిన్నగా తుంచి, రెండు కొసల్నీ మిషన్‌లో ఎదురెదురుగా పెడితే ఒక నిప్పురవ్వ వాటిని కలిపేస్తుంది. మిషన్ చేసేది ఆ ఆఖరు పని ఒక్కటే, మిగిలిందంతా వేళ్ళది. స్పిరిట్ కాగితం మడతలో తీగను పెట్టి చూపుడువేలికీ బొటనవేలికీ మధ్య లాగుతూ, "గీడ పగులున్నది," అనేవాడు. మైక్రోస్కోపు కింద పెట్టి చూస్తే అక్కడ పగులు ఉండేది. నేను ఎన్నిసార్లు పందెం కాసినా ఓడిపోయాను.

పుస్తకాల్లో ఈ దెబ్బను పల్స్ అంటారు, ఆ మాట ఆయన నోట ఎప్పుడూ రాలేదు. దెబ్బ అనేవాడు.

"సెకనుకు ఎన్ని దెబ్బలన్నవు బిడ్డా?"

"కోటి, కాకా."

"కోటి దెబ్బలు వడ్తుంటె గింత సప్పుడు లేదు సూడు. మా నాయన ఒక్కటి పీకితె వాడ మొత్తం ఇనవడుతుండె."

మెల్లగా ల్యాబ్ అంతటికీ అదే అలవాటైంది. "అవతలికి దెబ్బలు అందుతున్నాయా?" "పొద్దున్నుంచి దెబ్బలు సరిగ్గా పడట్లేదు." కొత్తగా చేరినవాళ్ళు ఇదేం ల్యాబ్ రా బాబూ అన్నట్టు బిత్తరపోయి చూసేవాళ్ళు. మేం నవ్వుకునేవాళ్ళం.

ఏ అతుకు వదులైందో కనిపెట్టడానికి మా దగ్గర ఒక మోటు పద్ధతి ఉండేది. తీగ పోయే దారి పొడుగునా భూమిలో మూతలున్న సిమెంటు గుంటలు ఉంటాయి. ఒక్కో గుంటలో తీగ చుట్ట, అతుకులు పెట్టే డబ్బా ఉంటాయి. కాకా గుంటలోకి దిగి ఆ డబ్బాను స్క్రూడ్రైవర్ పిడితో కొడతాడు. నేను ల్యాబ్‌లో తెర మీద వణుకును చూపే గీతను చూస్తుంటాను. అతుకు గట్టిగా ఉంటే గీత కదలదు, వదులైతే ముల్లులా పైకి లేస్తుంది. కాకా చేతులు రెండూ పనిలో ఉంటాయి కాబట్టి ఫోన్‌ను స్పీకర్‌లో పెట్టి గుంట గట్టు మీద ఉంచేవాడు. ఆ ట్రాఫిక్‌లో వినపడాలని నేను గొంతు చించుకునేదాన్ని. "కాకా, కొట్టు!"

మా గైడుగారిది కోస్తా. మెత్తగా మాట్లాడతారు, మెత్తగానే చీల్చేస్తారు. "కొట్టు కాదమ్మా, తట్టు," అనేవారు నా వెనక నిలబడి. "సున్నితమైన వస్తువు. తట్టమని చెప్పు."

"మా దిక్కు కొట్టు అనే అంటం సార్," అనేదాన్ని. ఫోన్ కొడతాం, హారన్ కొడతాం, చాయ్ కొడతాం. నా భాషను ఎవరైనా దిద్దబోతే నాకు ఒళ్ళు మండుతుంది. ఆయన దిద్దిన ప్రతిసారీ కావాలని ఇంకాస్త గట్టిగా కొట్టు అనేదాన్ని. కాకా కూడా అవతల నవ్వేవాడు, "సార్ ఉన్నడా పక్కన?" అని.

ఆ ఎండాకాలం ఈ తీగ లింకు మొరాయించింది. పొద్దున బాగానే ఉండేది, ఎండ ముదిరేసరికి వణుకు పదింతలయ్యేది. ఎక్కడో ఒక అతుకు వేడికి వదులవుతోంది. రెండు వారాల్లో నా థీసిస్ ఇవ్వాలి, అందులో పెట్టాల్సిన ఆఖరి గ్రాఫ్ ఇదే. ఏడు గుంటలూ మిట్టమధ్యాహ్నం కొట్టి చూడటం తప్ప దారి లేదు. ఆ రోజు పొద్దున క్యాంపస్‌లో రెండు విద్యార్థి సంఘాల మధ్య ఫ్లెక్సీ దగ్గర గొడవ మొదలైంది. చింపింది మీరంటే మీరని ఒకరినొకరు తోసుకున్నారు, క్లాసులు ఆగిపోయాయి. పదకొండింటికి కాకా ఫోన్ చేశాడు.

"బిడ్డా, గేటు కాడ పోరలు జమయితున్నరు. జెండ కట్టెలు వట్టుకున్నరు. గీ పని రేపు వెట్టుకుందమా?"

"రేపు ఇదే ఎండ ఉంటదని గ్యారంటీ ఉన్నదా కాకా? వాళ్ళు వాళ్ళు కొట్టుకుంటే నీకేమైతది? నువ్వు గుంటల ఉంటవు."

"సరే తియ్యి," అన్నాడు.

నాలుగు గుంటల్లో గీత కదలలేదు. ఐదోది గేటు పక్కన ఫుట్‌పాత్ మీద ఉంది. కాకా మూత తీసి లోపల కూర్చున్నాడు, ఫోన్ గట్టు మీద పెట్టాడు. "చెప్పు బిడ్డా," అన్నాడు.

"కొట్టు."

కొట్టాడు. గీత లేచింది. కొంచెమే, కానీ లేచింది. రెండు వారాలుగా నన్ను ఏడిపిస్తున్న దొంగ చిక్కాడని కుర్చీలోంచి గెంతాను. "దొరికింది కాకా! ఇదే! ఇంకా గట్టిగ కొట్టు!"

ఫోన్‌లో హారన్లు, నినాదాలు, పరుగెత్తే కాళ్ళ చప్పుడు. తార్నాక రోడ్డు మీద చప్పుడు లేనిదెప్పుడు? "ఎవడ్రా నువ్వు?" అని ఎవరో అరిచారు. ఏ ఆటోవాడో ఇంకెవరితోనో పెట్టుకున్నాడనుకున్నాను. వాడి గొంతును మించి అరిచాను. "కొట్టు కాకా, కొట్టు!"

గీత నిలువునా లేచింది. అంత ఎత్తు ముల్లు నాలుగేళ్ళలో నేను చూడలేదు, తెర దాటిపోయింది.

"శభాష్!" అన్నాను.

రెండోది లేచింది. మూడోది లేచింది. "అమ్మా!" అని వినపడింది. కాకా నన్ను బిడ్డా అంటాడు, ఎప్పుడైనా అమ్మా అని కూడా పిలుస్తాడు. నన్నే పిలుస్తున్నాడనుకున్నాను.

"ఆఁ, చెప్పు కాకా, వింటున్న," అన్నాను.

నాలుగోది లేచింది. "ఆపు... ఆపు..." అన్నాడు.

"ఆపకు కాకా! రికార్డవుతున్నది! ఇంకో రెండు కొట్టు!"

ఐదు. ఆరు. ఏడు. తెర మీద వేలు పెట్టి లెక్కపెడుతున్నాను, చిన్నపిల్ల చిచ్చుబుడ్లు లెక్కపెట్టినట్టు. ఎనిమిదో ముల్లు లేస్తూనే గీత ఒక్కసారిగా కిందికి పడిపోయింది. సిగ్నల్ లేదు అని ఎర్ర అక్షరాలు వచ్చాయి. తీగ తెగింది.

నాలుగేళ్ళ పని, రెండు వారాల గడువు, దొరికిన అతుకు, అంతా ఆ మనిషి మోటుతనానికి పోయిందనుకున్నాను. "తెంపినవా కాకా? నీ చేతులిరిగిపోను! నా పని మొత్తం నాశనం చేసినవు గద!" అని ఫోన్‌లోకి అరిచాను. ఏదో పగిలిన చప్పుడు వచ్చి కాల్ కట్టయింది. చేతిలో ఉన్న ఫోన్‌ను గోడకేసి కొట్టబోయి, ఆ కోపమంతా కాకా కోసం దాచుకుని స్కూటీ తాళం తీసుకున్నాను. ఏం తిట్టాలో దారి పొడుగునా అనుకుంటూ వెళ్ళాను. ఇంత వయసొచ్చింది, గట్టిగా కొట్టమంటే పగలగొట్టమనా అర్థం, ఇలాంటివే.

గేటు దగ్గర రోడ్డు మీద చెప్పులు పడి ఉన్నాయి. చాలా చెప్పులు, ఏ రెండూ జత కానివి. విరిగిన జెండా కర్రలు, ఇటుక ముక్కలు. కుర్రాళ్ళు ఎవరూ లేరు. గుంట గట్టు మీద కాకా ఫోన్ ముక్కలై ఉంది. కాకా గుంటలోనే ఉన్నాడు, నడుం దాకా లోపల, తల గట్టుకు ఆనించి. ఎడమ కనుబొమ చీలి రక్తం చొక్కా మీదికి కారుతోంది. కుడిచెయ్యి డబ్బా మీద ఉంది. దాన్ని చెయ్యి అనడానికి నాకు కాసేపు పట్టింది. వేళ్ళు ఉండాల్సిన వైపు లేవు, ఒకటి వెనక్కి తిరిగి ఉంది. గాజు తీగ రక్తానికి అంటుకుని ఎండకు మెరుస్తోంది.

చెరుకురసం బండి ఆయన మగ్గుతో నీళ్ళు పోస్తూ నాకు చెప్పాడు. "ఫోన్ల ఎవరో ఆడామె కొట్టు కొట్టు అని ఒకటే మొత్తుకుంటున్నదమ్మా. పోరలు అవతలి పార్టీ ఈయనను తెచ్చిందనుకున్నరు. చేతుల స్క్రూడ్రైవర్ ఉండె. నలుగురు మీద వడ్డరు. ఆపున్రి ఆపున్రి అంటనే ఉండె పాపం. ఫోన్ల ఆమె ఆపకు అంటున్నది."

కాకా కళ్ళు తెరిచి నన్ను చూశాడు. మొహం అటు తిప్పుకున్నాడు.

ఆస్పత్రికి ఆటోలో నేనే తీసుకెళ్ళాను. మూడు వేళ్ళ ఎముకలు నుజ్జయ్యాయన్నారు. కడ్డీలు వేశారు. డాక్టరు బయటికొచ్చి, ఎముకలు అతుకుతాయి గానీ చూపుడువేలికీ బొటనవేలికీ స్పర్శ తిరిగి రాదని చెప్పాడు. అప్పుడే ఆయన భార్య వచ్చింది. నేను వెనక మెట్ల గుండా దిగి వెళ్ళిపోయాను.

క్యాంపస్‌లో విచారణ కమిటీ వేశారు. ముగ్గురు పెద్ద ప్రొఫెసర్లు. కొట్లాడుకున్న రెండు సంఘాలూ ఒక్క మాట మీద నిలబడ్డాయి. బయటి మనిషి ఒకడు ఆయుధంతో వచ్చాడు, ఫోన్‌లో ఎవరో వాణ్ణి ఉసిగొల్పారు, గొడవ అక్కడే ముదిరింది అని. ఫోన్ ముక్కలైపోయింది, అందులో మాట్లాడింది ఎవరో ఎవరికీ తెలియదు. కమిటీ వాళ్ళు ఆస్పత్రికి వెళ్ళి అడిగితే కాకా గోడ వైపు తిరిగి పడుకున్నాడట. నోరు విప్పలేదు కాబట్టి తప్పు చేశాడనుకున్నారు. గేటు పాసు రద్దు చేశారు. తేలేదాకా పనిలోకి రావద్దని కాంట్రాక్టరు కబురు పంపాడు. ఇక్కడ దోషి అని తేలితే ఊళ్ళో ఇంకే క్యాంపస్‌లోనూ ఆయన్ని గేటు దాటనివ్వరు.

నేను ఒక్క మాట చెబితే సరిపోయేది. ఆ గొంతు నాది. అది చెప్పడానికి నాకు పంతొమ్మిది రోజులు పట్టింది.

మూడో రోజున గైడుగారు నా గ్రాఫ్ చూసి కళ్ళద్దాలు సర్దుకున్నారు. "ఈ ఎనిమిదీ తీసేయమ్మా. మనకు సంబంధం లేని దెబ్బలు. ఇవి తీసేస్తే నీ నాయిస్ చాలా బాగుంది." ఆయనకు తెలుసు, నాకు తెలుసు. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు. నేను ఎనిమిది ముళ్ళనూ గుర్తు పెట్టి ఒక బటన్ కొట్టాను. గీత సాఫీగా, అందంగా వచ్చింది. దాన్ని థీసిస్‌లో ఐదో అధ్యాయంలో పెట్టాను. వేరే జట్టును పిలిపించి తీగ అతికించారు. కోటి దెబ్బలూ మళ్ళీ అవతలికి చేరుతున్నాయని అందరూ నన్ను మెచ్చుకున్నారు. నేను ఆ రోజుల్లో దేన్నీ విసిరికొట్టలేదు, ఎవరి మీదా అరవలేదు. నా గొంతు ఎవరూ వినకూడదని మెల్లగా మాట్లాడేదాన్ని. జూనియర్లు నేను మారిపోయానని సంతోషించారు.

పంతొమ్మిదో రోజు మధ్యాహ్నం తార్నాకలో ఇరానీ హోటల్లో కూర్చున్నాను. పక్క టేబుల్ దగ్గర నలుగురు. అందులో ఒకడు, ఎంఏ చదివేవాడు, జబ్బలు ఊపుకుంటూ చెబుతున్నాడు. "ముసలోడు తక్కువోడు కాదురా. ఫోన్ల ఒకామె శభాష్ శభాష్ అని ఎక్కిస్తున్నది. వాడు లేచి కొట్టేటోడే. మేం ముందుగాల కొట్టినం, గంతే. చెయ్యి మీద ఏసినం, మళ్ళ ఎవని మీద లేవకుంట."

నేను లేచింది నాకు గుర్తు లేదు. వాడి చెంప మీద నా చెయ్యి పడ్డ చప్పుడు గుర్తుంది. చాయ్ గ్లాసు ఎగిరి నేల మీద పగిలింది. రెండోది కొట్టాను. వాడి దోస్తులు నా జబ్బ పట్టి వెనక్కి లాగారు, ఒకడు మెడ మీద గుద్దాడు, నేను మోచేత్తో వాడి పళ్ళ మీద పొడిచాను. నోట్లో రక్తం రుచి తగిలింది, అది నాదో వాడిదో తెలియలేదు. చాలా రోజుల తర్వాత ఒళ్ళు తేలికైనట్టు అనిపించింది, నిజం చెప్పాలంటే హాయిగా ఉంది. "కొట్టు! నన్ను కొట్టు చూద్దాం! గట్టిగ కొట్టు!" అని గొంతు చించుకున్నాను.

చెయ్యి ఎత్తినవాడు ఆగిపోయాడు. చెంప రుద్దుకుంటూ నన్నే చూశాడు.

"గా గొంతు నీదే," అన్నాడు.

హోటల్ మొత్తం చూస్తోంది. నన్ను పట్టుకున్నవాళ్ళు వదిలేశారు.

"కట్టెతోని కొట్టింది మేమే," అన్నాడు వాడు, ఏమీ కోపం లేకుండా. "కొట్టుమన్నది నువ్వు."

వాణ్ణి కొట్టడానికి ఈసారి చెయ్యి లేవలేదు. మూతి తుడుచుకుని బయటికొచ్చి, ఎండలో నడుచుకుంటూ నేరుగా కమిటీ గదికి వెళ్ళాను. చెప్పాను. తెర మీద చూస్తున్నది, అరిచింది, శభాష్ అన్నది, ఆపకు అన్నది, అన్నీ చెప్పాను. తీసేయని అసలు గ్రాఫ్ వాళ్ళ ముందు పెట్టాను. పదకొండు సెకన్లలో ఎనిమిది ముళ్ళు. అందులో ఏ ఒక్కటీ కాకా కొట్టింది కాదు, అన్నీ ఆయన మీద పడ్డవే. తీగ చుట్ట ఆయన ఒళ్ళో ఉంది కాబట్టి అంతా రికార్డయింది. వాళ్ళలో ఒకాయన ఆ కాగితాన్ని తన వైపు తిప్పుకుని చాలాసేపు చూశాడు.

సాయంత్రం గైడుగారు నన్ను పిలిపించారు. నా థీసిస్ ఫైలును బల్ల మీద బాదారు, కాగితాలు నేల మీద చెల్లాచెదురయ్యాయి. ఆయన గొంతు పెంచడం నేను వినడం అదే మొదటిసారి. "నీ గొయ్యి నువ్వే తవ్వుకున్నావు, నన్నూ అందులోకి లాగావు. నీ నోరే నీకు శత్రువు. తట్టు అనమని ఎన్నిసార్లు చెప్పాను?"

"చాలాసార్లు చెప్పారు సార్," అన్నాను. కాగితాలు ఏరుకుని వచ్చేశాను.

నా థీసిస్‌ను వెనక్కి ఇచ్చారు, ఐదో అధ్యాయం మళ్ళీ రాయమన్నారు, ఏడాది ఆలస్యమైంది. కొట్టిన నలుగురి మీదా చర్య తీసుకున్నారు. కాకా తప్పు లేదని రాసి గేటు పాసు తిరిగి ఇచ్చారు. ఆ సంగతి తెలిసిన మర్నాడు లాలాగూడ వెళ్ళాను. అసలు గ్రాఫ్ కాగితం బ్యాగులో పెట్టుకున్నాను, ఎందుకో నాకే సరిగ్గా తెలియదు. నేను ఏం చూశానో, ఏం చూడలేదో ఆయనకు చూపించాలనుకున్నాను.

తలుపు ఆయన భార్య తీసింది. నేను ఎవరో చెప్పబోతుండగానే చెయ్యి సాచి ఒక్కటి పీకింది. ఎడమ చెవి గింగురుమంది. ఇంకొకటి కొట్టింది. నా చేతులు రెండూ కిందనే ఉన్నాయి. పక్కింటి గుమ్మంలో ఇద్దరు ఆడవాళ్ళు నిలబడి చూస్తున్నారు.

"మనిషి మొత్తుకుంటుంటె శభాష్ అంటవా? నువ్వు ఆడదానివేనా?" అంది ఆమె. ఏడుస్తోంది. మూడోసారి చెయ్యి ఎత్తి దించేసింది.

"రానియ్యి," అని లోపలి నుంచి కాకా గొంతు వినపడింది.

మంచం మీద కూర్చుని ఉన్నాడు. కట్టు విప్పేశారు. కుడిచెయ్యి ఒళ్ళో పెట్టుకున్నాడు, వేళ్ళు లావుగా, నల్లగా, సగం ముడుచుకుని ఉన్నాయి. పాసు మంచం పక్కన స్టూలు మీద ఉంది. నేను నేల మీద కూర్చున్నాను. ఆయనే అడిగాడు.

"నువ్వు సూస్తనే అన్నవా బిడ్డా?"

"లేదు కాకా. నాకు గీత ఒక్కటే కనబడింది. నువ్వే కొడుతున్నవనుకున్న. అమ్మా అంటే నన్ను పిలుస్తున్నవనుకున్న."

"కమిటీ సార్లు ఎవరని అడిగితె చెప్పలె. నిన్ను కాపాడుదామని కాదు. నీ పేరు చెప్తె, నువ్వు వచ్చి, ఔ సూస్తనే అన్న అంటె ఎట్ల అని. గది ఇనలేక ఊకున్న."

నేను ఏడ్చాను. ఆయన ఏడవలేదు, ఓదార్చలేదు కూడా. నా ఏడుపు అయిందాకా కిటికీ వైపు చూస్తూ కూర్చున్నాడు. నేను బ్యాగులోంచి కాగితం తీసి మంచం మీద పరిచాను. గీత ఎక్కడ మొదలైందో, ఎక్కడ లేచిందో చూపించాను. నాకు కనిపించింది ఇంతే కాకా అన్నాను.

ఎడమచేతి వేలితో ఆయన గీత వెంట మెల్లగా వెళ్ళాడు. ఒక్కో ముల్లు దగ్గర ఆగుతూ, పెదాలు కదుపుతూ లెక్కపెట్టాడు. ఎనిమిదో దాని తర్వాత గీత కింద పడిపోయిన చోట ఆగాడు.

"ఎనిమిదేనా?"

"ఎనిమిది, కాకా."

తల అడ్డంగా ఊపాడు. వేలిని ఇంకాస్త కుడి పక్కకి జరిపి, ఏమీ లేని తెల్లకాగితం మీద ఆనించాడు.

"గీడ ఇంకోటున్నది."

"అప్పటికి తీగ తెగింది కాకా. తెగినంక నాకేం రాలేదు."

"తెలుసు. గీ ఎనిమిది బుజం మీద, డబ్బ మీద వడ్డయి. గప్పటిదాంక నా చేతి ఏళ్ళు మంచిగనే ఉన్నయి." ఆయన గొంతులో కోపం లేదు, పని సంగతి చెబుతున్నట్టే చెప్పాడు. "ఫోన్ ఇంక నడుస్తనే ఉండె. నీ చేతులిరిగిపోను అన్నవు సూడు, గప్పుడు వడ్డది."